జేమ్స్ లిక్ (1796–1876)

జేమ్స్ లిక్ అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థలాలు, పొలాలు, ఎస్టేట్లు కొని పెద్ద ఆస్తి కూడబెట్టిన వ్యాపారి. ఆఖరి రెండు మూడేళ్లలో ఆ ఆస్తిని దాదాపు మొత్తంగా ప్రజల అవసరాలకు రాసి ఇచ్చాడు. తండ్రి దగ్గర వడ్రంగం నేర్చుకుని, పాతికేళ్లకు పైగా పియానోలు తయారు చేసి, యాభై ఒక్క ఏళ్ల వయసులో శాన్ ఫ్రాన్సిస్కో రేవులో దిగాడు. ఆయన అసలు సంపాదన అక్కడి నుంచే మొదలైంది. చనిపోయే నాటికి కాలిఫోర్నియాలో ఆయనను మించిన ధనవంతులు బహు కొద్దిమంది.

ట్రస్టుకు రాసిన ఆస్తి విలువ సుమారు 30 లక్షల డాలర్లు. అందులో 7 లక్షలు ఒక టెలిస్కోపుకు కేటాయించాడు. ఖగోళశాస్త్ర చరిత్రలో ఆయన పేరు నిలిచింది ఆ 7 లక్షల వల్లనే. లిక్‌కు బడి చదువు అంతంత మాత్రం. ఎవరితోనూ పెద్దగా కలిసేవాడు కాదు, చేయి చాలా బిగువు. అలాంటి మనిషి ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు దాకా ఎలా వచ్చాడన్నది ఆయన జీవితంలో అన్నిటికన్నా తెలుసుకోదగ్గ సంగతి.

పిండిమర యజమాని కూతురు

లిక్ 1796 ఆగస్టు 25న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్టంప్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇప్పుడు ఆ ఊరి పేరు ఫ్రెడరిక్స్‌బర్గ్. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబం. తాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడాడు. తండ్రి వడ్రంగి. ఉలి పట్టడం, చిత్రిక పట్టడం కొడుకుకు చిన్నప్పుడే అలవడ్డాయి. ఆ పనితనం మీద మక్కువ ముసలితనంలో లక్షలకు పడగెత్తాక కూడా తగ్గలేదు.

ఇరవై ఏళ్లు దాటుతుండగా బార్బరా స్నేవ్లీ అనే అమ్మాయిని ప్రేమించాడు. ఆమె తండ్రికి పిండిమర ఉంది. బార్బరా గర్భవతి అయిందని తెలిసి లిక్ పెళ్లికి అడగబోతే, నా మరంత మర నీకున్న రోజున వచ్చి అడుగు అని ఆ తండ్రి పంపేశాడంటారు. ఈ మాట ఎంతవరకు జరిగినదో, ఎంతవరకు తర్వాత చేరిందో గానీ, ముప్పై ఏళ్ల తర్వాత లిక్ కట్టించిన మరను చూస్తే కథలో నిజం పాలే ఎక్కువనిపిస్తుంది. 1818లో కొడుకు జాన్ హెన్రీ పుట్టాడు. మరుసటి ఏడు లిక్ ఊరు విడిచి వెళ్లిపోయాడు.

పియానోలు

బాల్టిమోర్‌లో జోసెఫ్ హిస్కీ అనే పియానో తయారీదారు దగ్గర పనికి కుదిరాడు. అక్కడ తయారైన పియానోలు దక్షిణ అమెరికాకు ఎగుమతి అవుతున్నాయని గమనించాడు. సరుకు వెళ్లే చోటికి మనమే వెళ్తే పోలేదా అనుకుని 1821లో బ్యూనస్ ఏరిస్‌కు ఓడ ఎక్కాడు. భాష రాదు, తెలిసినవాళ్లు లేరు. అయినా వ్యాపారం నిలదొక్కుకుంది. 1825లో ఐరోపా యాత్రకు వెళ్లి తిరిగి వస్తుండగా ఆయన ఎక్కిన ఓడ పట్టుబడింది. ఖైదీగా మాంటెవీడియోకు తీసుకుపోతే అక్కడి నుంచి తప్పించుకుని బ్యూనస్ ఏరిస్ చేరుకున్నాడు.

1832లో చేతినిండా డబ్బుతో స్వగ్రామానికి వెళ్లాడు. అప్పటికే బార్బరాకు వేరే పెళ్లి అయిపోయింది. కొడుకును చూడటమూ కుదరలేదు. వెనక్కి తిరిగి చిలీలోని వాల్పరైజోలో కొంతకాలం, పెరూ రాజధాని లీమాలో పదేళ్లకు పైగా ఉన్నాడు. లీమాలో ఆయన పొరుగున డొమింగో గిరార్డెల్లీ అనే ఇటలీ మిఠాయి వ్యాపారి ఉండేవాడు. ఈ పేరు మళ్లీ వస్తుంది.

1846లో అమెరికాకూ మెక్సికోకూ యుద్ధం మొదలైంది. అప్పట్లో మెక్సికో చేతిలో ఉన్న కాలిఫోర్నియా రేపో మాపో అమెరికా చేతికి వస్తుందని లిక్ అంచనా వేసి అక్కడికి వెళ్లాలని నిర్ణయించుకున్నాడు. కానీ ఒప్పుకున్న పియానోలు మిగిలి ఉన్నాయి, పనివాళ్లు వెళ్లిపోయారు. వేరేవాడైతే బయానాలు తిరిగిచ్చి ఓడ ఎక్కేవాడు. లిక్ ఏడాదిన్నర పాటు తానే కూర్చుని ఒక్కొక్క పియానో పూర్తి చేసి, అప్పగించి, ఆ తర్వాతే బయలుదేరాడు.

ఇసుక దిబ్బల బేరం

1848 జనవరి 7న లేడీ ఆడమ్స్ అనే ఓడలో లిక్ శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. వెంట తెచ్చుకున్నవి పనిముట్లు, పనిబల్ల, సుమారు 30 వేల డాలర్ల విలువైన బంగారం, గిరార్డెల్లీ చేసిన 600 పౌన్ల చాక్లెట్. చాక్లెట్ చూస్తుండగానే అమ్ముడుపోయింది. నువ్వూ రా అని లిక్ చెప్పిన మాట మీదే గిరార్డెల్లీ తర్వాత కాలిఫోర్నియా చేరాడు. 1852లో ఆయన పెట్టిన కంపెనీ చాక్లెట్లు ఇప్పటికీ అమెరికా అంతటా దొరుకుతాయి.

అప్పటికి శాన్ ఫ్రాన్సిస్కో అంటే ఇసుక దిబ్బల మధ్య వెయ్యి మంది కూడా లేని పల్లె. లిక్ దిగిన వెంటనే ఆ దిబ్బల్లో స్థలాలు కొనడం మొదలుపెట్టాడు. పదిహేడు రోజుల తర్వాత, జనవరి 24న, కొలోమా దగ్గర జాన్ సటర్ రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారు రేణువులు కనిపించాయి. వార్త పాకగానే ఊరు ఊరంతా పార, తట్ట పట్టుకుని కొండల వైపు పరిగెత్తింది. దారి ఖర్చులకని జనం స్థలాలు వచ్చిన ధరకు వదిలించుకున్నారు. లిక్ కూడా ఓ వారం బంగారం తవ్వి చూసి, ఇది తనకు సరిపడే పని కాదని తిరిగొచ్చాడు. అమ్మేవాళ్ల దగ్గర కొంటూ పోయాడు. రెండేళ్లు తిరిగేసరికి ఊరి జనాభా పాతిక వేలకు చేరింది, ఇసుక దిబ్బలు వీధులయ్యాయి. రింగురోడ్డు వస్తుందన్న మాటకే ఎకరం ధర మారిపోవడం చూసిన తెలుగు పాఠకులకు ఆ తర్వాత ఏం జరిగిందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆయన పద్ధతి చాలా సాదా. ఊరు ఎటు పెరుగుతుందో చూసి ముందుగా కొనడం, అప్పులు చేయకపోవడం, అమ్మడానికి తొందరపడకపోవడం. మెక్సికో కాలపు భూదాన పత్రాలు చెల్లుతాయా లేదా తేల్చడానికి అమెరికా ప్రభుత్వం 1851లో చట్టం చేసింది. హక్కు నిరూపించుకునే వ్యాజ్యాల్లో పాత భూస్వామి కుటుంబాలు వకీళ్ల ఫీజులకే చితికిపోయాయి. చేతిలో రొక్కం ఉన్న లిక్ లాంటివాళ్లు ఆ రోజుల్లో పెద్ద పెద్ద ఎస్టేట్లకు యజమానులయ్యారు. శాంటా క్లారా లోయలో తోటలు, లాస్ ఏంజెలెస్ దగ్గర లాస్ ఫెలిజ్ ఎస్టేటు, సముద్రంలో ఉన్న శాంటా కాటలీనా ద్వీపం కూడా ఆయన చేతికి వచ్చాయి. ఆ నేల మీద అంతకు ముందు తరతరాలుగా బతికిన ఒలోనీ తదితర ఆదివాసులకు ఈ పత్రాలు వేటిలోనూ చోటు దొరకలేదు. లిక్ ఎవరినీ మోసం చేసి గడించాడని చెప్పలేం. కానీ ఆయన ఆస్తిలో ఎక్కువ భాగం ఇతరుల రాకవల్ల, ఇతరుల శ్రమవల్ల పెరిగిన ధర. ఆ డబ్బు చివరికి ప్రజల దగ్గరికే చేరడంలో ఒక న్యాయం ఉందనే ఈ వ్యాసకర్త నమ్మకం.

మర, హోటల్, ఇల్లు

1850ల్లో శాన్ హోసే దగ్గర గ్వాడలూపే నది ఒడ్డున లిక్ పిండిమర కట్టించాడు. ఖర్చు సుమారు 2 లక్షల డాలర్లు. లోపలి చెక్కపని అంతా మహాగని, నిగనిగలాడేలా మెరుగు పెట్టించాడు. గోధుమపిండి దుమ్ము పడే చోట మహాగని ఏమిటని లోకం నవ్వింది. మర ఫొటోలు పెన్సిల్వేనియాకు పంపించాడని చెబుతారు. బార్బరా తండ్రి అప్పటికి కాలం చేశాడు.

1855లో కొడుకు జాన్ హెన్రీ కాలిఫోర్నియా వచ్చాడు. ముప్పై ఏడేళ్ల కొడుకును తండ్రి దగ్గరగా చూడటం అదే మొదలు. అతని కోసం మర పక్కనే 24 గదుల భవనం కట్టించాడు. ఇద్దరికీ పొసగలేదు. కొన్నేళ్లకు కొడుకు పెన్సిల్వేనియా వెళ్లిపోయాడు. ఆ భవనం శాంటా క్లారాలో ఇప్పటికీ ఉంది.

1862లో శాన్ ఫ్రాన్సిస్కో మాంట్‌గోమరీ వీధిలో లిక్ హౌస్ అనే హోటల్ తెరిచాడు. నాలుగు వందల మంది ఒకేసారి కూర్చునే భోజనశాలను వెర్సాయ్ రాజమందిరం చూసి డిజైన్ చేయించాడు. ఆ గది చెక్కపనిలో కొంత లిక్ స్వయంగా చేశాడు. అరవై దాటిన లక్షాధికారి మోకాళ్ల మీద కూర్చుని తన హోటల్‌కు తానే చిత్రిక పట్టిన ఆ దృశ్యం ఆయన గురించి చాలా చెబుతుంది. 1906 భూకంపం వెంట వచ్చిన మంటల్లో హోటల్ బూడిదైంది.

సొంతానికి మాత్రం ఆయన పైసా ఖర్చు పెట్టేవాడు కాదు. ఎంగిలిచేత్తో కాకిని తోలడని ఊళ్లో పేరు. పాత బట్టలు, డొక్కు బండి. బండి మీద తిరుగుతూ ఎముకలు పోగుచేసి తోటల్లో ఎరువుగా వేసేవాడు. పనికి వచ్చినవాడికి మొక్క ఇచ్చి తలకిందులుగా నాటమనేవాడని, మారుమాట లేకుండా నాటినవాడినే పెట్టుకునేవాడని కథలు చెప్పుకునేవారు. కానీ ఎముకల ఎరువు విషయంలో ఆయనదే సరైన బుద్ధి. శాంటా క్లారా లోయ ఆ తర్వాత పండ్ల తోటలకు ప్రసిద్ధికెక్కింది.

దస్తావేజులు

1873లో లిక్ కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు మార్కెట్ వీధిలో ఒక స్థలం ఇచ్చాడు. కృతజ్ఞతలు చెప్పడానికి ఇంటికి వచ్చిన అకాడమీ అధ్యక్షుడు జార్జ్ డేవిడ్సన్‌తో మాటలు కలిసి, ఆకాశం మీదికి మళ్లాయి. డేవిడ్సన్ తీరప్రాంత సర్వే చేసే శాస్త్రవేత్త. లిక్‌కు నక్షత్రాల మీద ఆసక్తి అప్పుడు కొత్తగా పుట్టింది కాదు. 1860లోనే జార్జ్ మడైరా అనే ఔత్సాహికుడి టెలిస్కోపులో కొన్ని రాత్రులు ఆకాశం చూశాడు.

1874లో పక్షవాతం వచ్చి వంటింట్లో పడిపోయాడు. తెల్లారి ఫోర్‌మన్ థామస్ ఫ్రేజర్ చూసి శాన్ ఫ్రాన్సిస్కోకు తరలించాడు. అక్కడి నుంచి ఆయన జీవితం లిక్ హౌస్‌లోని ఒక గదికి పరిమితమైంది. ఆస్తిని ఏం చేయాలన్న ఆలోచన ఒక్కటే మిగిలింది. ముందు వచ్చిన ఆలోచనలు వింతవి. తనకూ తన తల్లిదండ్రులకూ సముద్రంలోంచి చూసినా కనిపించేంత విగ్రహాలు పెట్టించాలనుకున్నాడు. యుద్ధం వస్తే శత్రువు ఓడలు మొదట గురిపెట్టేది వాటికేనని ఎవరో అన్నాక మానుకున్నాడంటారు. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో నడిబొడ్డున గిజా పిరమిడ్‌ను మించిన పిరమిడ్ కట్టించాలనుకున్నాడు.

డేవిడ్సన్ గొప్పతనం ఇక్కడే. ఆ ముసలాయన కోరికను చిన్నబుచ్చలేదు. పేరు నిలవాలన్న ఆ ఆశనే ఆకాశం వైపు మళ్లించాడు. ఇంతకు ముందు ఎవరూ చేయనంత పెద్ద టెలిస్కోపు అన్న మాట లిక్‌కు నచ్చింది. పనిమంతుడికి అందులోని సవాలు అర్థమవుతుంది. మహాగని మర కట్టించిన పట్టుదలకు అంతకన్నా పెద్ద పని దొరికింది.

1874 జూలైలో మొదటి ట్రస్టు దస్తావేజు రాయించాడు. తర్వాత మనసు మార్చుకుని ట్రస్టీలను మార్చి 1875 సెప్టెంబరులో మరొకటి రాయించాడు. లెక్కలు కచ్చితంగా ఉన్నాయి. వేధశాలకు 7 లక్షల డాలర్లు. బాలబాలికలకు చేతిపనులు నేర్పే పాఠశాలకు 5 లక్షల 40 వేలు. పేదలు స్నానం చేసే స్నానశాలలకు లక్షన్నర. కాలిఫోర్నియా చరిత్రను చూపే కంచు విగ్రహాలకు లక్ష. అమెరికా జాతీయగీత రచయిత ఫ్రాన్సిస్ స్కాట్ కీ స్మారకానికి 60 వేలు. వృద్ధ స్త్రీల ఆశ్రమానికి, అనాథాశ్రమాలకు మరికొంత. అన్నీ పోగా మిగిలింది అకాడమీకీ, కాలిఫోర్నియా పయనీర్ల సంఘానికీ సమానంగా. కొడుకుకు వచ్చిన వాటా స్వల్పం. తండ్రి పోయాక జాన్ హెన్రీ అభ్యంతరం లేవదీస్తే ట్రస్టీలు రాజీకి వచ్చి పెద్ద మొత్తమే ఇవ్వాల్సి వచ్చింది.

మహాగని మరను 1873లోనే బోస్టన్‌లోని థామస్ పెయిన్ స్మారక సంఘానికి ఇచ్చేశాడు. వాళ్లు దాన్ని 18 వేల డాలర్ల చిల్లరకు అమ్మేసుకున్నారు. ఆ దెబ్బ ఆయనను బాధపెట్టింది. దస్తావేజుల్లో ప్రతి పనికీ మొత్తం, షరతు, ట్రస్టీల బాధ్యత విడివిడిగా రాయించడానికి ఆ అనుభవం ఒక కారణమని ఊహించవచ్చు.

ఇప్పుడు వాటిలో ఏవి ఎలా ఉన్నాయో చూస్తే దానాల తలరాతలు ఎంత వేరుగా ఉంటాయో తెలుస్తుంది. చేతిపనుల పాఠశాల 1895లో మొదలై లిక్–విల్మర్డింగ్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. స్కాట్ కీ విగ్రహం 1888లో గోల్డెన్ గేట్ పార్కులో వెలిసింది. కీ బానిసల యజమాని కూడా. 2020 జూన్‌లో నిరసనకారులు ఆ విగ్రహాన్ని పడగొట్టారు. కాలిఫోర్నియా చరిత్ర విగ్రహాలుగా 1894లో పెట్టిన పయనీర్ స్మారకంలో ఒక ఆదివాసి స్పెయిన్ వాళ్ల కాళ్ల దగ్గర కూలబడినట్టు చెక్కిన భాగం ఉండేది. ఆదివాసుల దీర్ఘకాలపు అభ్యంతరం తర్వాత నగరం 2018లో దాన్ని తీసేసింది. లిక్ పేరు నిలవాలని మొదట కోరుకున్న రూపం విగ్రహమే. కూలిందీ అదే. ఆయన దస్తావేజులో లేనిది మరొకటి నగరానికి దక్కింది. తోట కోసం తెప్పించి పెట్టెల్లోంచి తీయకుండానే వదిలేసిన అద్దాల పూలమందిరం. ఆయన పోయాక కొందరు పెద్దలు కొని గోల్డెన్ గేట్ పార్కుకు ఇచ్చారు. 1879 నుంచి అది అక్కడే ఉంది.

హామిల్టన్ కొండ

టెలిస్కోపు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ. లిక్ మొదట నగరం మధ్యలోనే అనుకున్నాడు. తర్వాత తాహో సరస్సు పేరు వచ్చింది. 1875లో ఫ్రేజర్ శాన్ హోసే తూర్పున ఉన్న 4,200 అడుగుల హామిల్టన్ కొండ ఎక్కి చూసి వచ్చి, ఇదే చోటు అన్నాడు. అంత ఎత్తుకు వెళ్తే పొగమంచు కిందే ఉండిపోతుంది, గాలి నిలకడగా ఉంటుంది, నక్షత్రం వణకదు. అప్పటిదాకా వేధశాలలు ఊళ్లలో, విశ్వవిద్యాలయాల పక్కన ఉండేవి. కొండ శిఖరం మీద ఏడాది పొడవునా మనుషులు నివసిస్తూ పనిచేసిన మొదటి వేధశాల ఇదే. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపుల్లో ఎక్కువ భాగం కొండల మీద ఉండటానికి దారి చూపింది ఇక్కడే.

లిక్ ఒక షరతు పెట్టాడు. శాంటా క్లారా కౌంటీ కొండపైకి మొదటి తరగతి రోడ్డు వేయాలి. బరువు బండ్లను గుర్రాలు లాగగలిగేలా వాలు తక్కువ ఉంచాలి కాబట్టి రోడ్డు వందల మలుపులు తిరిగింది. ఇప్పుడు కార్లలో వెళ్లేవాళ్లకు ఆ మలుపుల్లో కడుపు తిప్పుతుంది. ఆ వాలు గుర్రం కోసం లెక్కగట్టింది. 1876 చివర్లో రోడ్డు పూర్తయ్యే నాటికి లిక్ లేడు. అక్టోబరు 1న తన హోటల్ గదిలోనే కన్నుమూశాడు.

తర్వాత పన్నెండేళ్లు ట్రస్టీల కథ. కటకం చేయించడమే అన్నిటికన్నా కష్టమైంది. కటకపు టెలిస్కోపులో రంగులు చెదరకుండా ఉండాలంటే రెండు రకాల గాజుతో రెండు కటకాలు జోడించాలి. ఒకటి క్రౌన్ గాజు, ఒకటి ఫ్లింట్ గాజు. 36 అంగుళాల వెడల్పున బుడగ లేకుండా, గీత లేకుండా గాజు బిళ్ల పోయడం పారిస్‌లోని ఫైల్ కంపెనీ పని. ఫ్లింట్ తొందరగానే కుదిరింది. క్రౌన్ పోసిన ప్రతిసారీ చల్లారేటప్పుడు పగిలేది. కొన్నేళ్లు పోయాక 1885లో మంచిది దొరికింది. రెండింటినీ మసాచుసెట్స్‌లో అల్వన్ క్లార్క్ అండ్ సన్స్ సాన పట్టి, 1886 డిసెంబరులో రైలు మీద, తర్వాత గుర్రపు బండి మీద కొండకు చేర్చారు. క్లీవ్‌లాండ్‌లోని వార్నర్ అండ్ స్వేజీ కంపెనీ 57 అడుగుల గొట్టాన్నీ, ఇనుప స్తంభాన్నీ చేసింది. 36 అంగుళాలంటే ఎంతో పోల్చుకోవాలంటే, నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాలలోని పెద్ద టెలిస్కోపు 15 అంగుళాలది. అదీ ఒక ధనికుడు సొంత డబ్బుతో తెప్పించినదే.

1888 జనవరి 3 రాత్రి లిక్ టెలిస్కోపును మొదటిసారి నక్షత్రం వైపు తిప్పారు. చిత్రం స్పష్టంగా రాలేదు. కటకం అనుకున్నదానికన్నా కొంచెం దగ్గర్లోనే వెలుగును కూడగడుతోంది, గొట్టం పొడవు ఎక్కువైంది. గొట్టం కొన కోసి సరిచేశారు. జనవరి 7న ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ కీలర్ శనిగ్రహాన్ని చూసి, బయటి వలయంలో సన్నని నల్లని చీలిక ఒకటి ఉందని నమోదు చేశాడు. 1888 జూన్ 1న వేధశాల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అప్పగింతైంది. 1897లో యెర్క్స్ వేధశాల 40 అంగుళాల కటకం వచ్చేదాకా ప్రపంచంలో ఇదే పెద్దది. అంతకు మించిన కటకం తన బరువుకు తానే వంగిపోతుంది కాబట్టి ఆ తర్వాత అద్దాల టెలిస్కోపుల యుగం వచ్చింది.

ఇక్కడ పనిచేసినవాళ్లలో ఎడ్వర్డ్ బర్నార్డ్ గురించి చెప్పకుండా ఉండలేం. నాష్‌విల్లేలో నిరుపేద ఇంట పుట్టి, తొమ్మిదేళ్ల వయసు నుంచి ఫొటో స్టూడియోలో పనిచేసిన కుర్రవాడు. 1892 సెప్టెంబరు 9 రాత్రి గురుగ్రహపు వెలుగును పక్కకు నెట్టి, దాని అంచున ఒక చిన్న చుక్కను పట్టుకున్నాడు. అది గురుడి ఐదో చంద్రుడు అమల్తియా. 1610లో గెలీలియో నాలుగు చంద్రులను చూశాక 282 ఏళ్లకు దొరికిన మరొకటి. ఫొటో లేకుండా టెలిస్కోపులో కంటితో చూసి కనిపెట్టిన చంద్రుల్లో చివరిది. గొప్ప పరికరానికీ, బీద కుర్రవాడి కంటికీ కుదిరిన ఆ జోడీ లిక్‌కు తెలిసి ఉంటే చాలా సంతోషించేవాడు.

1898 సూర్యగ్రహణానికి విలియం కాంప్‌బెల్ నాయకత్వంలో ఇక్కడి బృందం మన దేశానికి వచ్చి మహారాష్ట్రలోని జేవూర్ దగ్గర గుడారాలు వేసింది. అదే కాంప్‌బెల్ 1922లో ఆస్ట్రేలియాలోని వల్లాల్ తీరంలో గ్రహణం ఫొటోలు తీసి, సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి ఐన్‌స్టీన్ చెప్పినంత మేర వంగుతోందని చూపించాడు. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నక్షత్రాల మధ్య ధూళి ఉందని ఈ కొండ మీది కొలతలతోనే రుజువు చేశాడు. కింద సిలికాన్ వ్యాలీ పెరిగి రాత్రి ఆకాశం తెల్లబారుతుంటే, శాన్ హోసే నగరం వేధశాల కోసం చాలాకాలం వీధుల్లో పసుపు సోడియం దీపాలు వాడింది. 2020 ఆగస్టులో కార్చిచ్చు శిఖరం దాకా వచ్చింది. సిబ్బంది ఇళ్లలో నష్టం జరిగినా టెలిస్కోపులు దక్కాయి.

సమాధి

లిక్ శవపేటికను 1887 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కొండపైకి తెచ్చి, పెద్ద టెలిస్కోపు నిలబడబోయే స్తంభం పునాదిలో ఉంచారు. అక్కడున్న ఇత్తడి పలక ఆయన దేహం ఇక్కడుందని మాత్రమే చెబుతుంది. వడ్రంగి అనీ, దాత అనీ ఏమీ రాయలేదు. గోపురం లోపల గుండ్రటి చెక్క నేల ఉంది. టెలిస్కోపు ఆకాశంలో ఏ ఎత్తున చూస్తే కంటి చివర ఆ ఎత్తుకు అందేలా, ఆ నేల మొత్తం పదహారు అడుగుల దాకా లేస్తుంది, దిగుతుంది. నేల దిగువన మెట్లు దిగి వెళ్తే సమాధి. మీద నేల పైకీ కిందికీ కదులుతున్నా, సమాధి మీది స్తంభం మాత్రం కదలదు. టెలిస్కోపు బరువంతా దాని మీదే ఉంది.